డాజిల్ బోర్డు

ఫిబ్రవరి 9

కోపం వచ్చినప్పుడల్లా అరవడం మానేసి ఎక్కడైనా రాసుకోమని అక్క హుకుం. నువ్వు అరిస్తే గొంతు నీది బాగానే ఉంటోంది, చెవులు మావి పోతున్నాయి అంది. సరే, రాస్తాను. ఈ నోటుబుక్కు ఎవరూ చదవరు కాబట్టి మర్యాదలు అక్కర్లేదు.

ఇవాళ్టి కోపం ఒక మాట మీద. డాజిల్.

మధ్యాహ్నం వర్క్‌షాపుకి ఒక ఆసామి వచ్చాడు. వేళ్ళకి ఏడు ఉంగరాలు. మెడలో గొలుసు చొక్కా బయటికి వేసుకున్నాడు, లోపలుంటే దానికి ఊపిరాడదేమో. వంతెన దిగే చోట ఎదురుగా కనిపించే మూడంతస్తుల బిల్డింగులో బట్టల షోరూమ్ తెరుస్తున్నాడట. పేరు డాజిల్. బోర్డు మా దగ్గర చేయిస్తాడట. ఎలా ఉండాలి సార్ అని మా ఓనర్ వినయంగా అడిగితే, చూసినవాడి కళ్ళు జిగేల్మనాలి, మిగతాదంతా మీ ఇష్టం అన్నాడు.

నా నోరు ఊరుకోలేదు. తెలుగులో మాటలే లేనట్టు ఆ పేరెందుకు సార్, తళుకు అని పెట్టుకోండి, మెరుపు అని పెట్టుకోండి అన్నాను. మెరుపు అంటే అంట్లు తోమే సబ్బు అనుకుంటారమ్మా అని పొట్ట ఊగేలా నవ్వాడు. ఓనర్ కూడా నవ్వి, మా కరపత్రం మాటలు మనసులో పెట్టుకోకండి సార్, నోరు అంతే గానీ చెయ్యి బంగారం అన్నాడు.

కరపత్రం అంటే నేను. పాత పేపర్ల కొట్టులో దొరికిన కరపత్రాలన్నీ కలిపి కుట్టుకుని, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని చదువుతానని ఓనర్ పెట్టిన పేరు. పొద్దున గేటు దాటగానే ఏం కరపత్రం, ఇవాళ ఎవరి మీద యుద్ధం అంటాడు. ఇవాళ మీ మీదే అని చాలాసార్లు నాలిక చివరిదాకా వస్తుంది.

చెయ్యి బంగారమట. అక్షరాలు గీసేదీ, అట్టలు కోసేదీ, సైట్‌కి వెళ్ళి కొలతలు రాసుకొచ్చేదీ ఆ చెయ్యే. కానీ దేని మీద ఏ పేరు రాయాలో దాన్ని ఎవరూ అడగరు.

ఫిబ్రవరి 10

నా డిక్షనరీ కూడా పాత పేపర్ల కొట్టుదే. మొదటి పేజీలు లేవు, ఎవరో పొట్లాలు కట్టేశారు. డి నుంచి మొదలవుతుంది. అదృష్టం, డాజిల్ ఉంది.

ఎక్కువ వెలుగు కళ్ళలో కొట్టి కాసేపు చూపు పోయేలా చెయ్యడం. రెండో అర్థం, హంగూ ఆర్భాటం చూపించి మనిషిని అయోమయంలో పడెయ్యడం. ఆ ఉంగరాల ఆసామికి ఇది తెలిసి పెట్టాడంటే దొంగ. తెలియక పెట్టాడంటే మొద్దు.

అక్కడితో ఆగబుద్ధి కాలేదు. గ్లేర్ చూశాను. కంటికి బాధ పెట్టే వెలుగు, గుడ్లురిమి చూడటం కూడా. ఇది నాకు రోజూ పనికొస్తుంది. గ్లిట్జ్ అంటే పైపై తళుకు. గ్లామర్ అంటే ఒకప్పుడు మంత్రం వేసి కనికట్టు చెయ్యడమట, మనం దాన్ని సబ్బు పెట్టెల మీద అచ్చు వేసుకుంటున్నాం. రాజిల్ డాజిల్ అంటే జనం తికమకపడేలా చేసే హడావిడి. నీ కళ్ళు కప్పుతున్నాను అని పేరులోనే చెప్పి మరీ కప్పుతారు. మనవాళ్ళు ఆ పేరుని నెత్తిన పెట్టుకుని ఊరేగుతారు.

బ్లింగ్ అంటే ఏంటో కూడా చూడు మరదలా అన్నాడు బావ. వాళ్ళ బేకరీలో కొత్త కేకుకి ఆ పేరు పెట్టారట. బి పేజీలు పొట్లాలైపోయాయి బావా అన్నాను. అయితే కేకు తినే తెలుసుకుందాంలే అన్నాడు. బావకి ఏదీ పట్టదు. పదకొండేళ్ళుగా బేకరీ వ్యాన్ తోలుతున్నాడు, బండి మీద గీత లేదు. ఈ ఇంట్లో నేను అరవని మనిషి బావ ఒక్కడే. అరిచినా ఉపయోగం ఉండదు, నవ్వుతాడు.

ఫిబ్రవరి 13

వెల్డర్ మామయ్యతో సైట్‌కి వెళ్ళాను. నిజం మామయ్య కాదు, వర్క్‌షాపులో అందరికీ మామయ్యే. ఆయన నిచ్చెన పట్టుకున్నాడు, నేను టేపు పట్టాను. బోర్డు ఇరవై అడుగుల పొడుగు, నాలుగడుగుల ఎత్తు. గుమ్మం పైన వస్తుంది. వెనక రేకూ అద్దంలా మెరిసే స్టీలే, అక్షరాలూ అదే. అద్దం మీద అద్దం. చదవడానికా, మొహం చూసుకోవడానికా?

తర్వాత వంతెన ఎక్కి చాలాసేపు చూశాను. కొలతలు రాసే సైట్ షీటులో ఒకటి రెండు మార్పులు రాసిచ్చాను. పేరు ఎంత చెత్తదైనా అక్షరం నాది కదా.

ఫిబ్రవరి 14

బస్‌స్టాపు దగ్గర కొత్తగా తెరిచిన సెలూన్ పేరు గ్లిట్టర్. మూడు బల్బులు అప్పుడే మాడిపోయాయి. మనసు చల్లబడింది.

ఫిబ్రవరి 21

అక్షరాలు అయిపోయాయి. చెడ్డగా చెయ్యాలని మొదలుపెట్టాను, చేతకాలేదు. రెండు జెడ్‌లూ పక్కపక్కన పరిగెడుతున్న ఇద్దరు మనుషుల్లా వచ్చాయి. మామయ్య వెల్డింగ్ అద్దాలు నెత్తికెత్తి చూసి, ఇంత తిడతావు, ఇంత బాగా చేస్తావు, నిన్ను ఎలా అర్థం చేసుకోవాలే తల్లీ అన్నాడు. ముప్ఫై ఏళ్ళుగా వెల్డింగ్ వెలుగు చూసీ చూసీ ఆయన కళ్ళలో ఎప్పుడూ నీళ్ళు కారుతుంటాయి. ఈ మెరుపులకి మనం బలైపోతున్నాం మామయ్యా అని నా ఉపన్యాసం మొదలుపెట్టాను. దాంతోనే కదే పొయ్యి వెలుగుతోంది, కాస్త ఆ చివర పట్టుకో అన్నాడు.

ఒక సంగతి రాయాలి. అద్దం రేకు మాకు నీలం ప్లాస్టిక్ ఫిల్మ్ అంటించి వస్తుంది. కొయ్యడం, వంచడం, అతకడం, గోడకి బిగించడం అన్నీ ఆ ఫిల్మ్ మీదే జరుగుతాయి, గీతలు పడకుండా. ప్రారంభం రోజున దాన్ని బోర్డు చేయించుకున్న పార్టీ చేతులతో పీకించడం మా లైన్లో రివాజు. ఫొటో తీసుకుంటారు, చప్పట్లు కొడతారు. అంటే మేం చేసిన బోర్డు ఎంత మెరుస్తుందో మేమే ఎప్పుడూ చూసుకోం. ఉప్పు చూడకుండా వడ్డించే వంటవాళ్ళం.

మార్చి 1

డాజిల్ ప్రారంభం. పొద్దున పది గంటలు. ఆసామి నిచ్చెనెక్కి ఫిల్మ్ పీకాడు. సగంలో చిరిగి మొహం మీద పడితే మామయ్య వెనక్కి తిరిగి నవ్వాడు, నేను తిరక్కుండానే నవ్వాను. బిల్డింగు పడమటి ముఖం. పొద్దున ఎండ వెనక్కి పడుతుంది కాబట్టి బోర్డు నీడలోనే ఉంది. ఆ నీడలోనూ తళతళలాడింది. ఆరు అక్షరాలు గాల్లో తేలుతున్నట్టు.

ఒక్క క్షణం నాకూ గర్వంగా అనిపించింది. ఇది రాయకూడదు. రాసేశాను.

మార్చి 5, సాయంత్రం 7.30

బావ వ్యాన్ వంతెన దిగుతూ సైకిలు మీద వెళ్తున్న ఒకావిడని గుద్దేసింది. ఉత్తరాలు పంచే ఆవిడ. ప్రాణం ఉంది. తుంటి విరిగిందన్నారు. ఐదుంబావుకి జరిగింది. బావ ఇంకా స్టేషన్‌లోనే ఉన్నాడు. అక్క చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది.

మార్చి 6

బావ వచ్చాడు. అక్కా బావా భోజనం ముట్టలేదు. ఎవరి మీద అరవాలో తెలియడం లేదు.

మార్చి 7

బావతో స్టేషన్‌కి నేను వెళ్ళాను. ట్రాఫిక్ ఇన్‌స్పెక్టర్ అద్దాలు తుడుచుకుంటూ అడిగాడు. తాగావా? లేదు సార్. ఫోన్ చూస్తున్నావా? లేదు సార్. కునుకు పట్టిందా? బావ వెంటనే లేదనలేదు. ఏదో తెల్లగా కళ్ళకి అడ్డం వచ్చింది సార్, పెద్ద వెలుగు, బైర్లు కమ్మినట్టయింది, ఏమీ కనపడలేదు, కనపడేసరికి ఆవిడ కింద ఉంది అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ అద్దాలు పెట్టుకుని, నాయనా, సాయంత్రం పూట పడమర నుంచి తూర్పుకి దిగుతున్నావు, సూర్యుడు నీ వీపు మీద ఉన్నాడు, వీపుకి కళ్ళున్నాయా నీకు అన్నాడు. పక్కనున్న కానిస్టేబుల్ నవ్వాడు. నేను లేచాను. బావ నా చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు.

లైసెన్స్ తీసుకున్నారు. పద్దెనిమిదిన విచారణ. నిర్లక్ష్యం అని తేలితే జైలు కూడా పడొచ్చట, లైసెన్స్ మాత్రం జన్మలో తిరిగి రాదట. బావకి ఇంకో పని రాదు.

ఇంటికొస్తూ బావ, నిద్రే పట్టిందేమోలే, మనకి తెలియకుండా పడుతుందటగా అన్నాడు. తన మీద తనకే నమ్మకం పోతోంది. పళ్ళు నూరుకుంటూ నడిచాను.

మార్చి 8, సాయంత్రం 5.40

వంతెన ఎక్కాను. నాలుగున్నర నుంచి అక్కడే నిలబడ్డాను. ఏమీ లేదు. వెనక ఎండ, ముందు రోడ్డు. ఇన్‌స్పెక్టర్ చెప్పిందే నిజమేమో అనిపించింది. ఐదు దాటి పది నిమిషాలైంది. అప్పుడు వచ్చింది.

మొహం మీద ఎవరో పళ్ళెంతో కొట్టినట్టు వచ్చింది. తెల్లగా. కళ్ళు మూసుకున్నా ఎర్రగా లోపలికి వచ్చింది. రెయిలింగ్ పట్టుకున్నాను. ఒక మోటార్ సైకిల్ వాడు నా పక్కనే బూతు తిట్టి బ్రేకు వేశాడు, నన్ను కాదు, వెలుగుని. పావుగంట ఉంది. తర్వాత సూర్యుడు కిందికి జారాడు, వెలుగు నా నెత్తి మీంచి దాటి పోయింది. అప్పుడు చూశాను.

డాజిల్.

అరికాలి మంట నెత్తికెక్కింది. నేను గీసిన ఆరు అక్షరాలు, ఆ వెనక అద్దం రేకు, సూర్యుణ్ణి పట్టుకొచ్చి మా బావ కళ్ళలో పోశాయి. ఆ ఏడుంగరాలవాడికి చూసినవాడి కళ్ళు జిగేల్మనాలి. జిగేల్మన్నాయి! ఒక మనిషి తుంటి విరిగింది, ఒక మనిషి బతుకు విరిగింది. షోరూములో చల్లటి గాలి, సువాసన, రండి మేడమ్, చూడండి మేడమ్.

వదలను.

మార్చి 9

ఓనర్‌తో గొడవ. అద్దం రేకు వాడొద్దని మొదటి రోజే నేను అనలేదా అని అడిగాను. నువ్వన్నది పేరు గురించి, రేకు గురించి కాదు అన్నాడు. నిజమే, అయినా తగ్గలేదు. బోర్డు దింపండి అన్నాను. పార్టీ ఒప్పుకోవాలి కదా అన్నాడు. పార్టీని అడిగితే, మా బోర్డు అంత దూరం నుంచి కనపడుతోందా అని సంతోషపడ్డాడట! మీరిద్దరూ ఒకే రేకుతో చేసిన మనుషులు అన్నాను. ఓనర్ మొహం మాడ్చుకున్నాడు. కరపత్రం, నీకు ఈ పని నేర్పింది నేను, ఆ సంగతైనా గుర్తుంచుకో అన్నాడు. నేర్పినందుకు జీవితాంతం నోరు మూసుకోవాలా అన్నాను. మామయ్య గ్రైండర్ ఆన్ చేసి మా మాటలు ముంచేశాడు.

మార్చి 11

ఆస్పత్రికి వెళ్ళాను, ఆవిడ దగ్గరికి. కప్పీల తాళ్ళకి వేలాడదీసిన కాలు, గట్టి మొహం. నేను ఎవరో చెప్పగానే, పళ్ళు తెచ్చావా, అక్కడ పెట్టు, క్షమించమని మాత్రం అడక్కు, ఆ మాటతో ఎముక అతకదు అంది.

మా బావ మంచివాడండీ అన్నాను. మంచివాడైతే కాలు మెల్లిగా విరుగుతుందా అంది. సూటిగా నా మొహంలోకి చూస్తూనే వచ్చి గుద్దాడు, నేను చూశాను, అదే విచారణలో చెప్తాను అంది. అప్పుడు బోర్డు సంగతి చెప్పాను. చూస్తున్నాడు గానీ ఆయనకి ఏమీ కనపడలేదండీ అన్నాను. నమ్మిందో లేదో తెలియదు. అయితే ఆ బోర్డు అలా పెట్టినవాణ్ణి పట్టుకురా, ఇరవై రెండేళ్ళు మోసిన నా ఉత్తరాల సంచి వాడి మెడలో వేస్తాను, వీధి వీధీ తిరగమను అంది.

తీసుకొస్తానండీ అన్నాను. ఇన్నాళ్ళలో నేను ఇచ్చిన మాటల్లో ఇంత ఇష్టంగా ఇచ్చింది లేదు.

మార్చి 12

ఇవాళ నేనే కరపత్రం రాశాను. ఇన్నేళ్ళూ చదివాను, రాయడం మొదటిసారి. పేరు: కళ్ళు పొడిచే వెలుగు. మొదటి వాక్యం ప్రజలారా అని పెట్టి కొట్టేశాను, మళ్ళీ పెట్టాను.

డాజిల్, గ్లేర్, గ్లిట్జ్, గ్లామర్, అన్నిటికీ డిక్షనరీ అర్థాలు వరసగా రాశాను. ఈ మాటలు మన వీధుల్లోకి ఊరికే రాలేదని రాశాను. వెలుగు చూపించడానికి ఉండాలి గానీ చూపు తియ్యడానికి కాదని రాశాను. మార్చి ఐదున ఏం జరిగిందో, వెలుగు ఏ వేళకి ఎక్కడ పడుతుందో రాశాను. దోషులు ఇద్దరు అని రాశాను. ఒకరు ఆ బోర్డు కోరినవాడు, రెండోవాడు చేసి ఇచ్చిన యజమాని. ఇద్దరి పేర్లూ పెద్దక్షరాల్లో. చేతిరాతలో నా అక్షరం ఎంత బాగుందంటే, జిరాక్స్ కొట్టువాడు పెళ్ళి పత్రికా అని అడిగాడు.

అక్క చదివి, నీ పేరేదే కింద అంది. కరపత్రాలకి పేరుండదు అక్కా, అది ప్రజల గొంతు అన్నాను. ప్రజలు ఎప్పుడిచ్చారే నీకు గొంతు అంది.

మార్చి 13

రెండు వందల కాపీలు వంతెన మీద, వంతెన కింద, డాజిల్ గుమ్మంలో కూడా పంచాను. వాచ్‌మన్ నన్ను తరమబోయి, ఒకటి తీసుకుని చదివి, నాక్కూడా సాయంత్రం ఇక్కడ కళ్ళు లాగుతున్నాయమ్మా అన్నాడు. ఒకాయన తీసుకుని దాంతో చెయ్యి తుడుచుకున్నాడు. ఒకమ్మాయి డిస్కౌంట్ ఎంతండీ అని అడిగింది. ఇన్‌స్పెక్టర్‌కి నేనే వెళ్ళి ఇచ్చాను. మొత్తం చదివాడు. కోపం ఎక్కువ, కొలతలు తక్కువ, అయినా పదహారున ఐదుంబావుకి నేనే వచ్చి వంతెన మీద నిలబడతాను, మీ బావని కూడా తీసుకురా అన్నాడు.

గెలిచాం! బావని కుర్చీలోంచి లేపి తిప్పాను. నవ్వాడు. ఎనిమిది రోజుల తర్వాత.

మార్చి 15, ఉదయం 11

ఓనర్ పిలిచాడు. తిడతాడనుకుని తయారుగా వెళ్ళాను. తిట్టలేదు. గదిలో మామయ్య కూడా ఉన్నాడు, నా వైపు చూడలేదు. తెల్లారి ఆరింటికే ఇద్దరు మనుషుల్ని పెట్టి డాజిల్ బోర్డుని సరి చేశామమ్మా అన్నాడు ఓనర్. సరి చెయ్యడమేంటి అన్నాను. కరపత్రం అని కాదు, అమ్మా అన్నాడు. అప్పుడే భయం వేసింది.

నా ముందు ఒక కాగితం పెట్టాడు. ఫిబ్రవరి పదమూడు సైట్ షీటు. నా రాత. నా సంతకం.

బోర్డుని గోడకి పట్టే పై బ్రాకెట్ గోడ నుంచి ఆరంగుళాలు. కింది బ్రాకెట్ పదిహేను. పక్కన బాణం గుర్తు వేసి రాశాను: బోర్డు వెనక్కి వాల్చాలి, వంతెన మీంచి కూడా చదవాలి.

గుర్తుంది. అన్నీ గుర్తున్నాయి. వంతెన మీంచి చూస్తే గుమ్మం పైన నా అక్షరాలు అణిగిపోయినట్టు కనిపిస్తాయని, వాటి మొహం కాస్త పైకెత్తాలని అనిపించింది. ఎవరూ అడగలేదు. ఆసామి అడగలేదు, ఓనర్ అడగలేదు. వాలు చూసి మామయ్య తలూపాడు. ఫిల్మ్ మీదే బిగించారు కాబట్టి ఏం జరుగుతుందో ఎవరికీ తెలియలేదు. తప్పు అద్దానిదే అనుకుంటూ వచ్చాను. వెనక్కి వాల్చకపోతే ఆ వెలుగు కింద ఫుట్‌పాత్ మీద పడేది, వంతెన దాకా ఎక్కేదే కాదు అని మామయ్య గోడతో చెప్తున్నట్టు చెప్పాడు.

ఓనర్ ఆ షీటు నా చేతిలో పెట్టాడు. దాని మీద అగ్గిపెట్టె పెట్టాడు. కాపీలు లేవు, నువ్వు చిన్నదానివి, షాపుకీ చెడ్డపేరు, నువ్వే చూసుకో అన్నాడు. తిడతాడని వెళ్ళాను. తిట్టి ఉంటే ఎంత బాగుండేది.

మార్చి 15, సాయంత్రం 5.30

వంతెన మీదకి వెళ్ళి చూశాను. వెలుగు లేదు. బోర్డు నిటారుగా, బుద్ధిగా ఉంది. కింద ఫుట్‌పాత్ మీద తెల్లటి చాప పరిచినట్టు పడింది వెలుగు, జనం దాన్ని తొక్కుతూ పోతున్నారు.

రేపు ఇన్‌స్పెక్టర్ వస్తాడు. ఏమీ చూడడు. బావ అబద్ధాలకోరు అవుతాడు. నేను ఎగిరెగిరి పంచిన కాగితాల వల్లే బోర్డు సరిచేశారు, ఉన్న సాక్ష్యం కూడా పోయింది. మిగిలింది ఈ షీటు ఒక్కటే. ఇది ఉంటే బావ బయటపడతాడు, నేను మునుగుతాను. ఇది లేకపోతే దోషులు ఇద్దరే, పెద్దక్షరాల్లో.

అగ్గిపుల్ల ఒకటి గీశాను. వేలు కాలేదాకా చూసి ఊదేశాను. ఇదీ రాయకూడదు.

మార్చి 16, ఉదయం

అక్కకి చెప్పాను. రొట్టె కోస్తోంది. కత్తి ఆగిపోయింది. చెంప పగలగొడుతుందనుకున్నాను. ఎవరు చూడాలనే నీ అక్షరాలు అంది, అంతే. మళ్ళీ కోసింది. ముక్కలు వంకర టింకరగా వచ్చాయి. బావకి నేను చెప్పను, నువ్వే చెప్పు అంది.

బావ గడ్డం గీసుకుంటున్నాడు, ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడని. చెప్పలేకపోయాను.

మార్చి 16, సాయంత్రం 6.30

ఐదు నుంచి ఐదున్నర దాకా నిలబడ్డాం. ఇన్‌స్పెక్టర్, కానిస్టేబుల్, బావ, నేను. వెలుగు రాలేదు. బావ అరచెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని, వస్తుంది సార్, ఇప్పుడే వస్తుంది సార్ అంటూనే ఉన్నాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు. కానిస్టేబుల్ చేతి గడియారం చూసుకుని, నీ సూర్యుడు సెలవు పెట్టినట్టున్నాడు అన్నాడు. ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు, ఇంక చాలు పదండి అన్నాడు. బావ చెయ్యి కిందికి దించాడు. నిద్రే పట్టిందేమో సార్, రాసుకోండి అన్నాడు.

షీటు తీసి ఇచ్చాను.

ఎవరి రాత ఇది అన్నాడు. నాది సార్. వాల్చమని ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు సార్. మరి ఎందుకు వాల్చావు? వంతెన మీంచి కనపడాలని సార్. ఏం కనపడాలని? అక్క అడిగిందీ ఇంచుమించు ఇదే. నా అక్షరాలు సార్ అన్నాను.

బావ నా వైపు చూడలేదు. రెయిలింగ్ మీద రంగు పెచ్చులు గోటితో తీస్తూ ఉండిపోయాడు.

మార్చి 17

ఇన్‌స్పెక్టర్ హుకుం మీద పాత బ్రాకెట్లు మళ్ళీ బిగించారు. మామయ్యే బిగించాడు. ఆసామి కింద నిలబడి ఎవరెవరికో ఫోన్లు చేస్తున్నాడు. ఐదూ పన్నెండుకి వెలుగు వచ్చింది. ఇన్‌స్పెక్టర్ రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని వెనక్కి మూడడుగులు వేసి కానిస్టేబుల్ కాలు తొక్కాడు. ఎవరూ నవ్వలేదు. ఆ పావుగంటా దారి మూయించాడు. అదయ్యాక దింపించెయ్యండి, రేకు మొత్తం అన్నాడు.

బావకి దారంతా చెప్పాలనుకున్నాను. బావ ముందు నడిచాడు.

మార్చి 18

విచారణ. బావ తప్పు లేదన్నారు. లైసెన్స్ తిరిగి ఇచ్చారు. షాపు మీదా, నా మీదా కేసు రాశారు. జరిగింది జరిగినట్టు రాసివ్వు, విశేషణాలు వద్దు అన్నాడు ఇన్‌స్పెక్టర్. నా కరపత్రం అయిదు పేజీలు. ఇది నాలుగు లైన్లలో అయిపోయింది.

మార్చి 19

ఓనర్ గేటు దగ్గరే నా స్కేళ్ళు, బ్రష్షులు మూట కట్టి పెట్టాడు. ఏం కరపత్రం అనలేదు. షీటు కాల్చేసి ఉంటే నిన్ను ఇక్కడే ఉంచుకునేవాణ్ణి, కానీ నీ చేతి మీద నాకు అంత గౌరవం ఉండేది కాదేమో, ఏమో నాకే తెలియడం లేదు, వెళ్ళమ్మా అన్నాడు. నేను తిట్టడానికి వీలు లేకుండా మాట్లాడటం ఈయన ఎక్కడ నేర్చుకున్నాడు? కోపం వచ్చింది. ఎవరి మీద అని అడిగితే చెప్పలేను.

మార్చి 23

ఆస్పత్రికి వెళ్ళాను. బోర్డు అలా పెట్టినవాణ్ణి తీసుకొచ్చాను అన్నాను. నా వెనక గుమ్మం వైపు చూసింది. ఎక్కడ అంది. నేనేనండీ అన్నాను.

అర్థమయ్యాక నా మొహం, చేతులు, చెప్పులు అన్నీ చూసింది. ఉత్తరాల సంచి నా మెడలో వేస్తుందనుకున్నాను. మెడ వంచడానికి సిద్ధంగానే ఉన్నాను. ఆ రోజు పళ్ళు తెచ్చినప్పుడు కూడా నువ్వేనా అంది. నేనేనండీ, కానీ నాకు తెలియదు అప్పుడు అన్నాను. ఇవాళ తెచ్చిన పళ్ళు తీసుకుపో అంది. గోడ వైపు తిరగబోయింది, కాలు వేలాడుతోంది కదా, తిరగలేకపోయింది. కళ్ళు మూసుకుంది.

పళ్ళు తెచ్చి ఇంట్లో పెట్టాను. ఎవరూ తినలేదు.

మార్చి 27

బావ రేపటి నుంచి డ్యూటీకి. ఇవాళ నాతో మాట్లాడాడు. మరదలా, ఆ షీటు ఇవ్వకుండా ఉంటే నేను జన్మంతా నిద్రపట్టిందనే అనుకునేవాణ్ణి అన్నాడు. థాంక్స్ చెప్తున్నాడా, తిడుతున్నాడా? అడిగితే, రెండూ కాదు, జరిగింది చెప్తున్నాను అన్నాడు.

ఏప్రిల్ 2, సాయంత్రం 5.15

వంతెన కింద నిలబడి చూశాను. బోర్డు లేదు. గోడకి ఎనిమిది బొక్కలు, సిమెంటు కూడా పూడ్చలేదు. వంతెన మీద పల్చటి ఎండ.

బావ వ్యాన్ వంతెన దిగింది. ఎదురు వెలుగేమీ లేకపోయినా, ఉత్త గోడ వైపు వస్తూ బావ కళ్ళు చిట్లించాడు.